మా మేనత్త బొగోటా వస్తోంది, ఎలా తిప్పాలి?

ప్రశ్న: అక్కా, నేను ఉద్యోగం మీద కొలంబియా రాజధాని బొగోటా వచ్చి రెండేళ్ళు కావస్తోంది. చిన్నప్పటి నుంచి నన్ను పెంచి చదివించిన మా మేనత్త ఇప్పుడు వచ్చి రెండు వారాలు నా దగ్గర ఉంటానంటోంది. తెనాలిలో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. 63 ఏళ్ళు, కొద్దిగా బీపీ ఉంది, మనిషి మాత్రం నాకన్నా హుషారు. దేశం దాటడం ఇదే మొదటిసారి. దిగిన రోజే మోన్సెరాతే కొండ ఎక్కాలట, సిటీ బస్సు ఎక్కాలట, బంగారం మ్యూజియం చూడాలట, పెద్ద లిస్టే రాసి పంపింది. నాకేమో ఒకటే టెన్షన్. ఇక్కడ ఫోన్లు లాక్కుంటారని, గొలుసులు తెంపుకుపోతారని ఆఫీసులో అందరూ భయపెడతారు. ఆ మాటకొస్తే నేనూ ఆఫీసు, తెవుసాకీయోలో నా ఫ్లాటు, సూపర్ మార్కెట్ తప్ప పెద్దగా తిరిగింది లేదు. అందుకే రెండు వారాలకూ డ్రైవరుతో కారు మాట్లాడేసి, అందులోనే తిప్పి పంపిద్దామనుకుంటున్నాను. ఆవిడ గుడ్డు తింటుంది గానీ మాంసం, చేప ముట్టదు. నాకు సెలవు సగం రోజులకే దొరుకుతుంది, మిగతా రోజులు ఆవిడ ఇంట్లో ఏం చేస్తుందో తెలీదు. టికెట్ ఇంకా కొనలేదు, ఏప్రిల్ అయినా ఆగస్టు అయినా సరే అంటోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ కారు ఆలోచన మానుకో. ఆ ఊళ్ళో కొన్నేళ్ళు కాపురమున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, బొగోటా ట్రాఫిక్‌లో కారెక్కి కూర్చుంటే మీ అత్తయ్య రెండు వారాల్లో అందరికన్నా ఎక్కువగా చూసేది ముందున్న బండి నంబరు ప్లేటునే. పాత ఊరు లా కాందెలారియాలో బాగున్నవన్నీ సందులు, వాటిలో నడవాల్సిందే. ఏళ్ళ తరబడి గోడ మ్యాపు మీద బెత్తంతో దేశాలు చూపించిన మనిషి, తీరా ఆ మ్యాపులో ఉన్న చోటికి వచ్చాక కారు అద్దం లోంచి చూసి వెళ్ళిపోవాలా?

ఇంకో మాట, ఏమీ అనుకోకు. నీ ఉత్తరంలో రెండు భయాలు కలగలిసి ఉన్నాయి. ఆవిడకేమన్నా అవుతుందేమోనన్నది ఒకటి. రెండేళ్ళుండి కూడా ఈ ఊరు నీకేమీ తెలీదని ఆవిడకు తెలిసిపోతుందేమోనన్నది రెండోది, నువ్వు రాయలేదు గానీ నాకు కనపడుతూనే ఉంది. దానికి మందు తేలిక, ఆవిడ వచ్చేలోపు వారం వారం ఆదివారం పూట బయటికెళ్ళి నేను కింద చెప్పేవన్నీ ఒక్కడివే ఒకసారి తిరిగిరా, ఎక్కడ బాత్రూమ్ ఉందో, ఎక్కడ కాసేపు కూర్చోవచ్చో చూసుకుని మరీ. పెద్దవాళ్ళతో తిరిగేటప్పుడు మ్యూజియం టైమింగుల కన్నా ఈ రెండూ ముఖ్యం.

టికెట్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా సంగతి. బొగోటా అంత ఎత్తున ఆ జబ్బు మోసే దోమ ఉండదు, ఊరు దాటి వేడి ప్రాంతాలకు దిగకపోతే జబ్బు గురించి బెంగ లేదు. కానీ మన ప్రభుత్వం కొలంబియాను ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో పెట్టింది, కాబట్టి తిరిగి ఇండియాలో దిగగానే టీకా వేసుకున్నట్టు పసుపు రంగు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్ళకుంది. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, అందుకని చివరి వారంలో పరిగెత్తితే కుదరదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అసలు చిక్కు ఏమిటంటే, అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేసుకునేవాళ్ళకు తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం, అరుదే అయినా, వయసులో ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువ. కాబట్టి ఆవిడ బీపీ చూసే డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళి, వయసు చెప్పి, వేసుకోవచ్చో లేదో అడగమను. ఆయన వద్దంటే ఆ మాట కాగితం మీద రాయించుకుని, తిరిగొచ్చేటప్పుడు ఏం చేస్తారో ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసు వాళ్ళను అడిగాకే టికెట్ తీసుకోండి. అదే అపాయింట్‌మెంట్‌లో ఎత్తు గురించి కూడా అడిగేస్తే ఒక పని అయిపోతుంది.

ఎత్తు అంటే మామూలు ఎత్తు కాదది. బొగోటా 2,640 మీటర్ల మీద ఉంది, మన ఊటీ 2,240 దగ్గరే ఆగిపోతుంది. మోన్సెరాతే అయితే ఏకంగా 3,152 మీటర్లు. తెనాలి మనిషిని, అంటే దాదాపు సముద్రమట్టంలో పుట్టి పెరిగిన మనిషిని, రెండు మూడు విమానాలు మార్పించి తీసుకొచ్చి, నిద్ర లేకుండా అదే రోజు ఆ కొండెక్కిస్తే తలనొప్పి, ఆయాసం, వికారం అన్నీ కట్టగట్టుకుని వస్తాయి, ఆ తర్వాత మూడు రోజులు మంచం దిగదు. మోన్సెరాతే కనీసం ఐదో రోజుకు జరుపు. మీ అత్తయ్యతో ఇది వాదించకు, డాక్టరు చెప్పాడని చెప్పు, టీచర్లు డాక్టర్ల మాట వింటారు.

మొదటి రెండు రోజులూ ఏ ప్రోగ్రామూ వద్దు. మనకు సాయంత్రం ఆరున్నర అయినప్పుడు బొగోటాలో ఉదయం ఎనిమిది, కాబట్టి ఆవిడ అర్ధరాత్రి దాటగానే లేచి కూర్చుని గిన్నెలు చప్పుడు చేస్తుంది. చెయ్యనీ. వంటిల్లు ముందే ఆవిడకు అప్పగించు, పప్పు డబ్బా ఎక్కడుందో, స్టవ్ ఎలా వెలిగించాలో చూపించు. ఇళ్ళల్లో హీటర్లు ఉండవు, రాత్రి పూట పది డిగ్రీలకు దిగిపోతుంది, ఇంకో మందపాటి దుప్పటి కొని ఉంచు. పొద్దున్నే మెల్లగా మీ వీధి చివరి దాకా, సాయంత్రం మీ పేటలోని పార్క్‌వే చెట్ల కింద ఆ చివరి నుంచి ఈ చివరికి, అంతే. నీళ్ళు బాగా తాగించు, కుళాయి నీళ్ళే తాగొచ్చు.

ఆ రెండు రోజుల్లోనే ఆవిడకు ఊరి లెక్క నేర్పెయ్. బొగోటాలో తూర్పున కొండలు గోడ కట్టినట్టుంటాయి, ఎక్కడ నిలబడినా దాదాపు కనిపిస్తాయి. కొండల వైపు తిరిగి నిలబడితే ఎడమ చెయ్యి ఉత్తరం. కొండల వైపు వెళ్ళే వీధులు కాయేలు, కొండలకు సమాంతరంగా పోయేవి కరేరాలు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ కాయే నంబరు, కొండలకు దూరమయ్యేకొద్దీ కరేరా నంబరు పెరుగుతాయి. కాయే 40, నంబరు 20-15 అని అడ్రసు ఉందనుకో, 40వ కాయేలో, 20వ కరేరా మూల నుంచి 15 మీటర్ల దూరంలో ఆ గుమ్మం ఉందని అర్థం. సోషల్ టీచరుకు ఇది చెప్పి చూడు, గంటలో నీకే దారి చెబుతుంది. తర్వాత ఒక తాళంచెవి, అడ్రసు రాసిన కాగితం, చిన్న నోట్లు కొన్ని చేతిలో పెట్టు. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న బేకరీకి నువ్వు కూడా ఉండి రెండుసార్లు తీసుకెళ్ళు, మూడోసారి ఒక్కదాన్నే పంపు. పాందెబోనో అని జున్నుతో, కర్రపెండలం పిండితో చేసే బన్ను ఒకటుంటుంది, వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరు. అది కొనుక్కుని, చిల్లర లెక్క చూసుకుని ఇంటికొచ్చిన మనిషికి నువ్వు ఆఫీసుకెళ్ళిన రోజున ఏం తోస్తుందా అని నువ్వు బెంగపడక్కర్లేదు. ఆవిడను పగలంతా ఇంట్లో పెట్టి తాళం వెయ్యాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే తీసెయ్.

ఇప్పుడు భద్రత. నీ ఆఫీసు వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, కానీ వాళ్ళు అన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఫోన్ల దొంగతనం నిజం. రోడ్డు పక్కన నిలబడి మ్యాపు చూస్తుంటే మోటార్ సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు, అందుకని ఫోను చూడాలంటే షాపులోకి వెళ్ళి చూడాలి, ఇది నీకూ ఆవిడకూ ఇద్దరికీ. నగల విషయం నువ్వు చెబితే బాగుండదు అనుకుంటావేమో, చెప్పి తీరాలి. గాజులు, గొలుసు తెనాలి లాకర్లో పెట్టి రమ్మను, మంగళసూత్రం తియ్యనంటే స్వెట్టర్ లోపల, మెడ చుట్టూ స్కార్ఫు, చలికి ఎలాగూ కావాలి. పాస్‌పోర్టు ఇంట్లో, ఫొటోకాపీ బ్యాగులో. సాయంత్రం ఆరుకల్లా చీకటి పడిపోతుంది, భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాదంతా ఇదే వరస. ఐదున్నరకల్లా లా కాందెలారియా నుంచి బయటపడాలి, ఆఫీసులు మూసేశాక ఆ సందులు ఖాళీ అయిపోతాయి. చీకటి పడ్డాక యాప్‌లో బండి బుక్ చేసుకునే రావాలి, రోడ్డు మీద చెయ్యి చూపించి టాక్సీ ఆపొద్దు. ఇవన్నీ పాటిస్తే పగలు నడవడానికి భయపడాల్సిన ఊరు కాదది. చీర కట్టుకుని తిరిగితే అందరూ చూస్తారు, కొంతమంది ముసలమ్మలు ఆగి కొంగు పట్టుకుని మరీ చూస్తారు, అది దొంగతనం కాదు, ముచ్చట. కాకపోతే లా కాందెలారియా రాళ్ళ దారులు వానకు జారతాయి, చెప్పులు వద్దు, బూట్లే.

మొదటి షికారు ఆదివారం పెట్టు. ప్రతి ఆదివారం, పండగ రోజుల్లో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు కార్లకు మూసేస్తారు, దాన్ని సిక్లోవియా అంటారు, 1974 నుంచీ నడుస్తోంది. మామూలు రోజుల్లో హారన్లతో చెవులు పగిలే కరేరా 7 మీద సైకిళ్ళు, స్కేట్లు, కుక్కల్ని పట్టుకుని పరిగెత్తేవాళ్ళు, బండిలో పిల్లల్ని తోసుకెళ్ళే తల్లులు, ఊరు మొత్తం రోడ్డు మీదే ఉంటుంది. పార్కుల్లో వేదిక కట్టి పాటలు పెట్టి ఏరోబిక్స్ చేయిస్తారు, డెబ్భై ఏళ్ళవాళ్ళు కూడా చేతులూపుతుంటారు, మీ అత్తయ్య దిగినా నేను ఆశ్చర్యపోను. అక్కడే తోపుడు బండ్ల మీద పచ్చి మామిడికాయ అమ్ముతారు, సన్నని తీగల్లా తరిగి గ్లాసులో వేసి, పైన నిమ్మకాయ పిండి ఉప్పు చల్లి ఇస్తారు. కారం ఉండదు. ఆవిడ బ్యాగులో ఓ పొట్లం తప్పకుండా ఉంటుంది కాబట్టి ఆ లోటు ఆవిడే తీర్చుకుంటుంది.

పాత ఊరికి ఒక రోజంతా ఇవ్వు. ఇదొక్కటి మాత్రం సెలవు రోజున, తొందర లేకుండా పెట్టుకో. సోమవారం బంగారం మ్యూజియం, మంగళవారం బొతేరో మ్యూజియం మూసి ఉంటాయి, ఆదివారం బంగారం మ్యూజియం ఉచితం గానీ కిక్కిరిసి ఉంటుంది, కాబట్టి బుధ, గురు, శుక్రవారాల్లో ఒకటి చూసుకో. పొద్దున్నే బంగారం మ్యూజియంతో మొదలుపెట్టండి. దేశపు సెంట్రల్ బ్యాంకు 1939లో పెట్టిన మ్యూజియం అది, బంగారు వస్తువులే 34,000 దాకా ఉన్నాయంటారు, అన్నీ చూడాలనుకుంటే కళ్ళు తిరుగుతాయి. నేనైతే తిన్నగా అక్కడి బంగారు తెప్ప దగ్గరికి తీసుకెళ్తాను. జానెడు పొడవు కూడా ఉండదు. మధ్యలో ఒక పెద్ద మనిషి, అంటే మిగతావాళ్ళ కన్నా పెద్ద బొమ్మ, చుట్టూ చిన్న చిన్న మనుషులు, ముఖాలకు తొడుగులు, చేతుల్లో కర్రలు, అంచున తెడ్లు వేసేవాళ్ళు. బంగారాన్ని తీగలా లాగి అల్లినట్టుంటుంది గానీ మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పెట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసి తీశారు. ముయిస్కా అనే అక్కడి జనం చేసింది. 1969లో పాస్కా అనే ఊరి దగ్గర గుహలో, మట్టికుండలో రైతులకు దొరికింది. కొత్త నాయకుడు ఒళ్ళంతా బంగారు పొడి పూసుకుని సరస్సు మధ్యకు తెప్ప మీద వెళ్ళి నీళ్ళలో బంగారం వేసేవాడని, దాన్నిబట్టే ఎల్ దొరాదో, అంటే బంగారు మనిషి కథ పుట్టిందని చెబుతారు. ఆ కథ పట్టుకుని స్పెయిన్ వాళ్ళు ఖండమంతా తవ్విపోశారు కదా, ఆ పాఠం ఏటా చెప్పిన మనిషిని ఆ గాజు పెట్టె ముందు పావుగంట వదిలెయ్, నువ్వు పక్కన నిలబడి గూగుల్ చేసి చదివి వినిపించకు.

బయటికొచ్చి కరేరా 7 మీద దక్షిణానికి, అంటే కొండలు ఎడమ చేతి వైపు ఉండేలా, నడవండి, అక్కడ కార్లు రావు. అవెనీదా హిమేనెస్ మూల దగ్గర గోడకు ఫలకాలు కనిపిస్తాయి, 1948 ఏప్రిల్ 9న హోర్హే ఎలియేసెర్ గైతాన్ అనే నాయకుణ్ణి కాల్చి చంపింది అక్కడే. పేదల పక్షాన మాట్లాడేవాడు, ప్రెసిడెంట్ అవుతాడనుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం నుంచి ఊరు తగలబడింది, ట్రాములు కాల్చేశారు. రచయిత గార్సియా మార్కెస్ అప్పుడు అక్కడే లా చదువుతున్న కుర్రాడు, 50,000 పెసోల నోటు మీద బొమ్మ ఆయనదే. ఇంకాస్త ముందుకెళ్తే ప్లాజా దె బొలీవార్. ఒక వైపు పెద్ద చర్చి, ఒక వైపు పార్లమెంటు, ఒక వైపు మేయర్ ఆఫీసు, ఇంకో వైపు సుప్రీంకోర్టు. ఆ కోర్టు భవనం కొత్తది, ముందున్నది 1985 నవంబరులో సాయుధ దళం ఒకటి లోపల దూరి, సైన్యం ట్యాంకులతో వచ్చినప్పుడు తగలబడిపోయింది, న్యాయమూర్తులతో సహా దాదాపు 100 మంది పోయారు. ఇంత జరిగిన చోట ఇప్పుడు పావురాలు వాలుతుంటాయి, జనం నిలబడి ఫొటోలు తీసుకుంటుంటారు.

చర్చి పక్క మూలనే తెల్ల గోడల మేడ ఒకటుంది, చాలామంది ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, మీరు లోపలికెళ్ళండి. 1810 జులై 20న, సంత రోజు, ఒక స్పెయిన్ వ్యాపారి దగ్గరికి స్థానికులు వెళ్ళి విందు బల్ల మీద పెట్టుకోవడానికి పూలకుండీ అరువడిగారు. ఇవ్వడని తెలిసే అడిగారు. ఆయన ఇవ్వలేదు, మాటా మాటా పెరిగింది, అది అల్లరై ఆ రోజే ఇప్పుడు వాళ్ళ స్వాతంత్ర్య దినం. పగిలిన ఆ కుండీ ముక్క లోపల దాచి ఉంచారు. తర్వాత భోజనం, భోజనం తర్వాత రెండు వీధుల అవతల బొతేరో మ్యూజియం. అక్కడ టికెట్ లేదు. చిత్రకారుడు ఫెర్నాండో బొతేరో తన బొమ్మలు 123, తన దగ్గరున్న పికాసో, మోనే, రెన్వార్ లాంటి వాళ్ళవి 85, మొత్తం ఊరికే ఇచ్చేశాడు, 2000లో తెరిచారు. మనుషులు, గుర్రాలు, పళ్ళు, చివరికి మోనాలిసా కూడా బొద్దుగా ఉబ్బి ఉంటాయి. మధ్యలో చెట్ల పెరడు, కూర్చోవడానికి బెంచీలు, మధ్యాహ్నం వాన ఎలాగూ వస్తుంది కాబట్టి ఆ టైముకు అక్కడుంటే సరిపోతుంది. అసలు బొగోటాలో ఏ రోజుకైనా లెక్క ఇదే, పొద్దున ఆరుబయట, మధ్యాహ్నం చూరు కింద.

సిటీ బస్సు కోరిక కూడా తీర్చేయొచ్చు. ట్రాన్స్‌మిలేనియో అంటే మధ్యలో అకార్డియన్ మడతలుండే ఎర్ర బస్సులు, వాటికి వేరే దారి, వేరే స్టేషన్లు, 2000 చివర్లో మొదలైంది, మెట్రో ఇంకా కడుతున్నారు కాబట్టి ఊరి భారమంతా దాని మీదే. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపలే ఎక్కండి. ఆఫీసు వేళల్లో ఊపిరాడదు, జేబులు కొట్టేదీ అప్పుడే. బ్యాగు ముందుకు వేసుకుని, నాలుగైదు స్టేషన్లు వెళ్ళి దిగిపోండి, ఆవిడ ఎక్కానంటుంది, అయిపోతుంది.

తిండి గురించి నువ్వు అనుకున్నంత కష్టం లేదు, కానీ ఒక్క జాగ్రత్త. మాంసం వద్దంటే వాళ్ళు బీఫ్, పంది మాత్రమే అనుకుంటారు, కోడి పెట్టేస్తారు. అందుకని సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, అంటే మాంసం, కోడి, చేప, హామ్ ఏవీ లేకుండా అని నాలుగూ వరసగా చెప్పాలి. అహియాకో అనే బంగాళాదుంప సూపు ఊరంతా ప్రసిద్ధి, దాన్ని కోడి నీళ్ళలోనే కాస్తారు, ముక్కలు తీసేసి ఇస్తామన్నా వద్దనండి. మధ్యాహ్నం మామూలు హోటళ్ళలో అన్నం, పప్పులాంటి లెంతేహాస్, అరటి వేపుడు, అవకాడో, పళ్ళరసం దొరుకుతాయి, పప్పులో సాసేజ్ ముక్కలు వేశారేమో అడిగి తీసుకోవాలి. అరేపా అంటే మొక్కజొన్న రొట్టె, దాంతో ఇబ్బంది లేదు. పతకోనెస్ అంటే పచ్చి అరటికాయను నొక్కి వేయించినవి, చేపలు వేయించిన నూనేమో చూసుకోవాలి. హాట్ చాక్లెట్‌లో జున్ను ముక్కలు వేసుకుని తాగుతారు, మొదటిసారి వింతగా ఉంటుంది, చలికి హాయిగా ఉంటుంది. ఇక పనేలా, అది అచ్చంగా మన బెల్లమే, అచ్చుల్లో అమ్ముతారు, దాన్ని నీళ్ళలో కాచి నిమ్మకాయ పిండి ఆగువాపనేలా అని ఇస్తారు, అది తాగించు, ఆవిడకు ప్రాణం లేచొస్తుంది. అదే బెల్లం నీళ్ళకు దాల్చినచెక్క చేర్చి కనెలాసో అమ్ముతారు, కమ్మని వాసన వస్తుంది, అందులో మందు కలుపుతారు, కొండ మీద చలికి ఎవరైనా ఇవ్వబోతే ముందు అడుగు. కోకా ఆకు టీ కూడా చాలాచోట్ల కనిపిస్తుంది, దాని పొట్లాలు గుర్తుగా కొనుక్కుని ఇండియా బ్యాగులో మాత్రం పెట్టకండి, మన చట్టం ప్రకారం అది నేరం.

పాలోకెమావో మార్కెట్‌కు ఒక పొద్దున్నే తీసుకెళ్ళు, మీ ఇంటికి దూరమేం కాదు. తెల్లవారుజామున వెళ్తే పూల లారీలు దించుతుంటారు, గులాబీలు కట్టలు కట్టలుగా నేల మీదే పోసి ఉంటాయి, కొలంబియా ప్రపంచానికంతా పూలు అమ్మే దేశం కదా. లోపల పళ్ళ కొట్లవాళ్ళు కోసి రుచి చూపిస్తారు. గ్రానదీయా ఒకటి ఆవిడ చేతికివ్వు, నారింజ రంగు పెంకు, బొటనవేలితో నొక్కితే టప్పున పగులుతుంది, లోపల బూడిద రంగు జిగురులో నల్ల గింజలు, చూడ్డానికి ఏమీ బాగుండదు, అలాగే జుర్రుకోవాలి, తియ్యగా ఉంటుంది. లూలో అనే పండు రసం పుల్లగా ఉంటుంది, చిరిమోయా మన సీతాఫలం కుటుంబమే కాబట్టి అడక్కుండానే గుర్తుపడుతుంది. బేరం పెద్దగా ఆడరు అక్కడ, అది మాత్రం ముందే చెప్పి తీసుకెళ్ళు.

మోన్సెరాతే రెండో వారం మొదట్లో పెట్టు, పొద్దున మబ్బు పట్టకముందే వెళ్ళండి. కాలిదారి ఉంది, దాంట్లో వద్దు, ఆ ఎత్తులో అన్ని మెట్లు ఆవిడ బీపీకి మంచిది కాదు. 1929 నాటి తాళ్ళ రైలు ఒకటి, 1955 నాటి రోప్‌వే ఒకటి ఉన్నాయి, ఆ రోజు ఏది నడుస్తుంటే అది ఎక్కండి. పైన చర్చిలో సిలువ మోస్తూ కింద పడిపోయిన క్రీస్తు విగ్రహం ఉంది, 17వ శతాబ్దానిది. ఆదివారాలు మొక్కున్నవాళ్ళు తిరుమల కాలిదారిలో లాగా కొండంతా నడిచే ఎక్కుతారు, కొందరు మోకాళ్ళ మీద కూడా. ఆ రద్దీ చూడాలని ఆవిడకు ఉంటే ఆదివారమే వెళ్ళొచ్చు, క్యూ మాత్రం చాలా పొడుగుంటుంది. పైనుంచి చూస్తే ఊరు కళ్ళు చేరినంత మేర ఇటుక ఎరుపు. అక్కడ కూడా మెల్లగా నడవాలి, ఆయాసమొస్తే కూర్చోవాలి, తగ్గకపోతే వెంటనే దిగిపోవాలి.

ఊరి బయట ఒక్కటే చూపించగలిగితే చాలామంది సిపాకిరా ఉప్పు చర్చి అంటారు, ఉప్పు గనిలో 180 మీటర్ల లోతున తొలిచిన చర్చి, ఇప్పుడున్నది 1995లో తెరిచారు. బాగుంటుంది, కాదనను. కానీ బంగారు తెప్ప చూసిన మనిషికి నేను గ్వాతవీతా సరస్సే చూపిస్తాను. గుండ్రని గిన్నెలాంటి లోయలో ఆకుపచ్చ నీళ్ళు, ఒక అంచున మాత్రం కొండ కోసుకుపోయినట్టు గాడి. 1580ల్లో ఒక స్పెయిన్ వ్యాపారి ఆ నీళ్ళు తోడి బంగారం తీద్దామని కొండనే కోయించాడు, ఆ కోత ఇప్పటికీ అలాగే ఉంది. అదీ 3,000 మీటర్ల పైనే, మెట్లెక్కాలి, అందుకే చివరి రోజుల్లో పెట్టు, సోమవారం మూసి ఉంటుంది. రెండూ ఒకే రోజులో చూపిస్తామనే టూర్లున్నాయి, వాటిలో సగం రోజు వ్యాన్‌లోనే గడుస్తుంది. వద్దు.

ఇక నెల సంగతి. ఏప్రిల్‌లో వానలు ఎక్కువ, మధ్యాహ్నాలు వడగళ్ళు కూడా పడతాయి. ఆగస్టు పొడిగా, గాలిగా ఉంటుంది, ఆ గాలికి ఊరంతా గాలిపటాలు ఎగరేస్తారు, సిమోన్ బొలీవార్ పార్కులో ఆకాశం నిండిపోతుంది, పైగా ఆగస్టు 6 ఊరి పుట్టినరోజు, 1538లో స్థాపించారు, ఆ రోజుల్లో వేసవి పండగ కూడా చేస్తారు. సంక్రాంతికి మేడలెక్కే జనానికి ఇది చెబితే ఏప్రిల్ మాట మర్చిపోతారు. ఆగస్టుకే తీసుకో. శుక్రవారం దిగేలా చూడు, శనివారం విశ్రాంతి, ఆదివారం ఆవిడ ఒళ్ళు సహకరిస్తే సిక్లోవియాలో ఒక గంట, లేకపోతే తర్వాతి ఆదివారం. యూరప్ మీదుగా టికెట్ అయితే ట్రాన్సిట్ వీసా అడుగుతారేమో కొనేముందే కనుక్కో, ఇస్తాంబుల్ మీదుగా అయితే ఒకే విమానం మార్పుతో హైదరాబాద్ కాకపోయినా ఢిల్లీ, ముంబయి నుంచి వచ్చేయొచ్చు. పసుపు కార్డు, బీపీ మందులు చేతి బ్యాగులో, ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలో పెట్టమను, సెక్యూరిటీ దగ్గర తీసేస్తే ఆ బాధ రెండు వారాలూ నువ్వే వినాలి.